ఎర్రచుక్క లేని డ్రైవర్

బ్రేకు తొక్కనందుకు శాలువా కప్పించుకున్న మనిషిని మీరెప్పుడైనా చూశారా? నేను చూశాను. చూడడమేమిటి, రోజూ ఆయనకు అన్నం వడ్డిస్తాను. సిరిసిల్లలో మా వాడకట్టుకు వచ్చి తిరుపతి డ్రైవర్ ఇల్లెక్కడ అంటే ఎవరైనా చూపిస్తారు. ఆ తిరుపతి నా మొగుడు. నా పేరు పుష్ప. బీడీలు చేస్తాను, నోరు కాస్త పెద్దది. కట్టుకున్నవాడి గురించి ఇట్లా చెప్పొచ్చునా అని ఎవరికైనా అనిపిస్తే మా పక్కింటికి పోయి అడగండి. వాళ్లు ఇంకా ఎక్కువ చెబుతారు.

మా ఆయన పుట్టింది మగ్గం గుంట పక్కన. మామ చేతిమగ్గం నేశాడు. ఆ కాలం పోయి కరెంటు మగ్గాలు వచ్చాయి. వాటిని మా దగ్గర సాంచెలంటాం. ఈయన మీసాలు రాకముందే సాంచెల మధ్య నిలబడ్డాడు. ఆ పనిలో ముఖ్యమైన విద్య ఒకటే. పోగు తెగిందా, టక్కున సాంచె ఆపాలి. ఆపకపోతే బట్టలో చార పడుతుంది, సేటు నోరు తెరుస్తాడు. ఆపడంలో మా ఆయన చెయ్యి మహా చురుకు. మిగతా ఏ పనిలోనూ ఆ చురుకు నేను చూడలేదు. కూరగాయలకు పంపిస్తే సంత ఎత్తేసే వేళకు వచ్చేవాడు.

పెళ్లయిన కొత్తలో నన్ను భివండికి తీసుకుపోయాడు. బొంబాయి పక్కన అంటే ఏమో అనుకున్నాను. అక్కడా సాంచెలే, అదే దుమ్ము, అదే చప్పుడు. దూది పొట్టు ఛాతీలో చేరి ఈయనకు దగ్గు పట్టుకుంది. కూర్చుంటే దగ్గు, పడుకుంటే దగ్గు. డాక్టరు ఛాతీ ఫోటో తీయించి చూసి, మళ్లీ కార్ఖానాలో అడుగుపెడితే నీ ఊపిరికి నేను పూచీ కాదు పో అన్నాడు. నేత తప్ప ఇంకేమీ రాని మనిషికి ఆ మాట చెప్పడం అంటే తిండి మానెయ్యమని చెప్పడమే. అక్కడే టెంపో నడిపే దోస్తు పక్కన కూర్చుని స్టీరింగు పట్టడం నేర్చుకున్నాడు. అదొక్కటే ఈయన జీవితంలో తెలివైన పని. ఆ తెలివి కూడా దగ్గు వల్ల వచ్చిందే.

సిరిసిల్లకు తిరిగొచ్చి దేవేందరన్న దగ్గర కుదిరాడు. దేవేందరన్నకు రెండు మినీ బస్సులు ఉండేవి. వాటి పర్మిటు పెళ్లి బృందాల పేరు మీద, నడిచేది సిరిసిల్ల నుంచి వేములవాడ, రుద్రంగి మీదుగా కోరుట్లకు. ఏడాది పొడుగునా, మూఢాల్లో కూడా, ఆ బస్సుల్లో ఎక్కేదంతా పెళ్లివాళ్లే అన్నమాట. అడిగే పోలీసులకు అది తెలుసు, చెప్పే దేవేందరన్నకు తెలుసు. అందరికీ తెలిసినదాన్ని అబద్ధం అనరట.

సాంచె ఆపినట్టే మా ఆయన బస్సునూ ఆపేవాడు. ఎవరు చెయ్యెత్తినా సరే, టక్కున బ్రేకు. పొలం గట్టు మీంచి చెయ్యి లేచినా ఆపేవాడు. మేకపిల్లను చంకలో పెట్టుకుని వచ్చినా ఆపేవాడు. లోపల కూర్చున్నవాళ్లు ముందుకు తూలి ముక్కులు పగలగొట్టుకుని ఆయన్ని అమ్మనా బూతులు తిట్టేవాళ్లు. ఈయన నవ్వేవాడు. "నువ్వు ఎక్కేటప్పుడు కూడ గిట్లనే ఆపిన గదనే, మర్సిపోయినవా?" అనేవాడు. రాను రాను ఆ రూట్లో జనం చెయ్యెత్తడం కూడా మానేశారు. తిరుపతి బండి వస్తోందంటే సీదా రోడ్డు నడిమధ్యకు వచ్చి నిలబడేవాళ్లు. పక్కన నిలబడితే నిండిన బస్సు వెళ్లిపోతుందేమోనని భయం, నడిమధ్య నిలబడితే ఆ భయం లేదు. ఇట్లాంటి బుద్ధి ఇంకే దేశంలోనైనా ఉంటుందా? చెప్పండి.

ఈ అలవాటు మొదలుపెట్టింది శంకరవ్వ. రుద్రంగి దాటాక గుట్ట కింద మూల తిరిగే చోట ఆమె గుడిసె. తాతల నాటి నుంచి గుంటెడు భూమి లేని కుటుంబం. నాట్లకు, కలుపులకు పోయేది. ఒంట్లో శక్తి తగ్గాక గుట్ట మీద సీతాఫలాలు ఏరి, గంపలో పెట్టుకుని కోరుట్లకు తీసుకుపోయి అమ్మేది. గంప కిందపెట్టి, రెండు చేతులూ పైకెత్తి, రోడ్డు మధ్యలో నిలబడేది. బస్సు బంపరు ఆమె చీర కుచ్చిళ్ల దాకా వచ్చి ఆగేది. ఆమె అంగుళం కదిలేది కాదు. మా ఆయన్ని "కొడుకా" అని పిలిచేది. దిగేటప్పుడు ఒక సీతాఫలం చేతిలో పెట్టేది. దాన్ని ఈయన అపురూపంగా ఇంటికి తెచ్చేవాడు. సగం పుచ్చు, సగం గింజలు. ఆ పండు కోసం లోపలివాళ్ల నడుములు విరగ్గొట్టేవాడు.

ఇట్లా ఉండగా డబ్బా వచ్చింది.

అది తెలంగాణ కోసం ఊళ్లన్నీ అట్టుడుకుతున్న ఏడాది. ఇవాళ బందు, రేపు రాస్తారోకో, ఎల్లుండి వంటావార్పు. రోడ్డు మీద బండి నడిచిన రోజుల కంటే ఆగిన రోజులే ఎక్కువ. సరిగ్గా అప్పుడే హైదరాబాదు నుంచి ఒక కంపెనీ దిగింది, రోడ్ల మీద ప్రమాదాలు తగ్గిస్తామంటూ. పెండ్లాం చచ్చి ఒకడేడుస్తుంటే గాజులమ్మేవాడు వచ్చినట్టు. జగిత్యాలలో ఒక ఫంక్షన్ హాలులో మీటింగు పెట్టి, బస్సుల ఓనర్లను, డ్రైవర్లను, వాళ్ల పెళ్లాలను కూడా పిలిచారు. భోజనాలు ఉన్నాయంటే నేనూ పోయాను.

టై కట్టుకున్న సారు మైకు పట్టుకుని, "ఇకపై మీ వాహనం పక్క వాహనంతో మాట్లాడుతుంది" అన్నాడు.

మా వరసలో కూర్చున్న భూమన్న అనే డ్రైవరు నా వైపు వంగి, "వదినా, మరి మేం ఊకోవాల్నా?" అన్నాడు. భూమన్న దేవేందరన్న రెండో బస్సు నడిపేవాడు. మంచి నవ్వులాటగాడు.

చేతి మందమంత నల్లటి డబ్బా అది. స్టీరింగు ముందు బిగిస్తారు. బండి ఎక్కడుంది, ఎంత జోరుగా పోతోంది, ఎక్కడ సడన్ బ్రేకు కొట్టింది, అన్నీ దానికి తెలుస్తాయి. డబ్బా ఉన్న బండి ఎదురుగా వస్తుంటే కీచుమంటుంది. అన్ని సంగతులూ జగిత్యాలలో ఒక మేడ గదిలో పెట్టిన పెద్ద టీవీకి చేరతాయి. బండి మంచిగా నడిస్తే అందులో పచ్చగా కనబడుతుంది. సడన్ బ్రేకు కొడితే ఒక ఎర్రచుక్క పడుతుంది. సడన్ బ్రేకు అంటే డ్రైవర్ చూపు రోడ్డు మీద లేదని గుర్తట.

మరి ఆ రోడ్డు మీద డబ్బా ఎన్ని బండ్లకు పెట్టారనుకున్నారు? దేవేందరన్నవి, ఇంకో ఇద్దరు ముగ్గురివి. లారీలకు లేదు. ట్రాక్టర్లకు లేదు. బర్రెలకు మొదలే లేదు. భూమన్న బస్సు ఎదురైతే మా ఆయన బస్సు కీచుమనేది. అదీ దాని మాట్లాడడం. ఇద్దరూ పదేళ్లుగా ఒకే చోట చాయ తాగేవాళ్లు, ఒకరి బండిని ఒకరు గుర్తుపట్టడానికి కంపెనీ కావాల్సి వచ్చింది.

నవ్వుకుని ఊరుకునేదాన్నే. కానీ చివర్లో సారు ఒక మాట చెప్పాడు. మొదట్లో అలవాటు కావడానికి వదిలేసి, దీపావళికి ముందు నెల రోజుల చుక్కలు లెక్కబెట్టి, అన్నిటికంటే ఎక్కువ ఎర్రచుక్కలు పడ్డ డ్రైవర్‌ని బండి దింపేయాలి. డబ్బాలు ఊరికే ఇస్తున్నారు గనుక ఓనర్లు ఆ షరతుకు ఒప్పుకున్నారు. దేవేందరన్న అందరికంటే ముందు చెయ్యెత్తాడు. నేను మా ఆయన మొహం చూశాను. అప్పటిదాకా గారె కొరుకుతున్నవాడు, కొరికింది నమలడం మరిచిపోయాడు.

ఆ బండి పోతే ఈయనకు సాంచెలే గతి. సాంచెల మీదికి పోతే ఊపిరి నిలవదు. ఇంత చిన్న సంగతి.

మొదటి నెలలోనే మా ఆయన బండి టీవీలో ఎర్రగా పండిపోయింది. దేవేందరన్న మా ఇంటికి మనిషిని పంపించి మరీ తిట్టించాడు.

"జర మెల్లగ ఆపరాదయ్యా," అన్నాను.

"మెల్లగ ఆపుతె బండి మనిషిని దాటిపోతదే. ఎన్కనుంచి ఉరికచ్చి ఎక్కాలె. ముసలోళ్లు ఉరుకుతరా?"

"వాళ్లు ఉరకకుంటె నువ్వు దుమ్ముల వడతవ్."

"గట్లని ఇడిసిపెట్టి పోవాల్నా? ఆర్టీసీ బస్సు ఎట్లాగూ ఆగది. నేను గూడ ఆగకుంటె ఎట్ల పోతరు?"

అప్పుడు ఆయన మాట నాకు వెర్రిగా అనిపించింది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని తిట్టాను. ఆ రాత్రి అన్నం కూడా సరిగా తినలేదు పాపం. దగ్గు లేకపోయినా ఛాతీ రుద్దుకుంటూ కూర్చున్నాడు. భయం వేస్తే ఈయన చెయ్యి అక్కడికే పోతుంది.

ఆ వానాకాలం చివర్లో సకల జనుల సమ్మె వచ్చింది. బడులు బంద్, ఆఫీసులు బంద్, బొగ్గు బంద్, కరెంటు లేక సాంచెలు బంద్. ఆర్టీసీ బస్సులు డిపోల్లో నిద్రపోయాయి. మా దేవేందరన్నకు అప్పటికే ఒక కోరిక పుట్టింది. తెలంగాణ ఎట్లాగూ వస్తుంది, వచ్చాక మున్సిపాలిటీలో ఒక కుర్చీ తనకూ కావాలి. అందుకు తన మొహం నలుగురికీ కనబడాలి. రెండు బస్సుల్లో ఒకటి ఉద్యమానికి ఇస్తున్నానని ప్రకటించాడు. ఏది ఇచ్చాడనుకున్నారు? ఎర్రచుక్కలు ఎక్కువైన బండిని ఇచ్చాడు. చచ్చిన బర్రె పాలు దానం చేసినట్టు.

సిరిసిల్ల చౌరస్తాలో రోడ్డుకు అడ్డంగా మా ఆయన బస్సు నిలబెట్టారు. పైన మైకులు కట్టారు, పక్కన దేవేందరన్న నవ్వుతున్న ఫ్లెక్సీ కట్టారు. నాయకులు బస్సు మీదికెక్కి మాట్లాడేవాళ్లు. దాని నీడలో పొయ్యిలు పెట్టి వంటావార్పు చేసేవాళ్లు. మైకు బ్యాటరీ కోసం మా ఆయన కాసేపు ఇంజను స్టార్టు చేసేవాడు, మళ్లీ బంద్ చేసేవాడు. నెల దాటిపోయింది. బండి మూరెడు ముందుకు పోలేదు, జానెడు వెనక్కి రాలేదు. ఈయన మెడలో గులాబీ రుమాలు వేసుకుని, డ్రైవర్ సీట్లో కూర్చుని, ఒక్కో ఉపన్యాసానికి "జై తెలంగాణ" అని గొంతు పోయేటట్టు అరిచేవాడు. ఉద్యమం మీద నాకు కోపం లేదు. నేనూ బతుకమ్మను ఆ బస్సు ముందే పెట్టి ఆడాను. కోపమంతా ఆ డబ్బా మీద. అది పని చేస్తూనే ఉంది కదా.

ఆ నెలంతా భూమన్న బండి మాత్రం తిరిగింది. ఆర్టీసీ లేదు, జనానికి దవాఖానకు పోవాలన్నా అదే, చావుకు పోవాలన్నా అదే. ఒకచోట రాళ్లు అడ్డం, ఒకచోట చెట్టు కొట్టి అడ్డం, ఒకచోట కాలుతున్న టైరు. ప్రతిచోటా బ్రేకు కొట్టాల్సిందే. కోనరావుపేట దిక్కు నుంచి ఒక బాలింతను, బిడ్డను జగిత్యాల దవాఖానకు చేర్చిన రోజున టీవీలో భూమన్న బండి మొత్తం ఎర్రగా అయ్యిందట. ఎక్కడెక్కడ ఆగింది అన్నది టీవీకి తెలుసు. ఎందుకు ఆగింది అన్నది దానికి ఎవరూ నేర్పలేదు.

దీపావళి పోయింది. మళ్లీ జగిత్యాలలో అదే హాలు, అవే గారెలు. సారు మైకు పట్టుకుని, "మా సాంకేతికత వల్ల గత నెలన్నరలో ఈ వాహనాలకు ఒక్క ప్రమాదం కూడా జరగలేదు. ఇది చరిత్ర" అన్నాడు.

వెనక నుంచి ఎవరో, "రోడ్లే బందయినయి గద సార్!" అన్నారు. హాలంతా గొల్లుమంది. సారు అది తన మాటకు వచ్చిన సంతోషం అనుకుని తనూ నవ్వాడు.

తర్వాత ఉత్తమ డ్రైవర్ పేరు పిలిచారు. నెల రోజుల్లో ఒక్క ఎర్రచుక్క కూడా లేని డ్రైవర్, తిరుపతి! నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కదలని బండిలో కూర్చున్నవాడు ఎట్లా బ్రేకు కొడతాడు? ఆ లెక్కన మా ఇంటి ముందు రోలు కూడా ఉత్తమ వాహనమే. పోనీ ఈయనైనా, సారూ బండి నిలబడే ఉండె అని చెప్పొచ్చు కదా. చెప్పలేదు. స్టేజీ ఎక్కి, శాలువా కప్పించుకుని, మైకు దగ్గర గొంతు సవరించుకుని, "డబ్బ ఎట్ల చెప్తె గట్ల ఇన్న సార్, గంతే" అన్నాడు. చప్పట్లు. ఫోటోలు. దేవేందరన్న ఫోటోలో మా ఆయన కంటే ముందు నిలబడ్డాడు.

అదే స్టేజీ మీద భూమన్నను బండి దింపుతున్నట్టు చెప్పారు. భూమన్న ఆ రోజు నవ్వులాట ఆడలేదు. బయటకు వచ్చాక మా ఆయన భుజం మీద చెయ్యి వేసి, "నీ నౌకరి నిలిచింది, మంచిగైంది అన్నా. నీ ఛాతి మంచిగ లేదు" అని మాత్రం అన్నాడు. తర్వాత ఆయన గల్ఫ్ ఏజెంట్ చుట్టూ తిరిగాడని విన్నాను.

ఇంటికొచ్చాక గోడకు మేకు కొట్టి శాలువా తగిలించాడు మా ఆయన. అప్పటి నుంచి మనిషే మారిపోయాడు. అబద్ధపు శాలువా అని ఆయనకు తెలుసు, నాకు తెలుసు. కానీ పది రోజులు గోడ మీద చూస్తే అబద్ధం కూడా సొంతమైపోతుంది. "ఉత్తమ డ్రైవర్" అని చాయ దుకాణంలో పిలిపించుకునేవాడు. బండి మళ్లీ రూటెక్కింది. ఇప్పుడు ఆయన చూపు రోడ్డు మీద సగం, డబ్బా మీద సగం. డబ్బా పైన పచ్చ దీపం వెలుగుతోందా లేదా, అదే ఆయన లోకం. బస్సు స్టేజీల దగ్గర మాత్రమే ఆపేవాడు, అది కూడా ముందు నుంచే మెల్లగా, పిల్లను జోకొట్టినట్టు. స్టేజీల నడుమ చెయ్యెత్తినవాళ్లను దాటేసి, కిటికీలోంచి వెనక బండికి రమ్మని సైగ చేసేవాడు. వెనక బండి ఏది? భూమన్నదే కదా. అది షెడ్డులో ఉంది, కొత్త డ్రైవర్ దొరకలేదు.

రోడ్డు మధ్యలో నిలబడేవాళ్ల చుట్టూ బండి తిప్పి పోయేవాడు. జనం మొదట నవ్వారు, తర్వాత తిట్టారు, దుమ్మెత్తి పోశారు.

"గట్ల తిప్పితె ఏనాడో ఒగనాడు ఎవలకన్న తాకుతది," అని నేనన్నాను.

"భూమన్నను ఎట్ల తీసేసిండ్రో చూసినవ్ గద? నన్ను తీసేస్తె ఏం జేస్తవ్? బీడీలు జేసి సాదుతవా నన్ను?"

"సాదుత."

"నువ్వు సాదుతవ్ గని నా ఛాతి సాదది," అని ఛాతీ మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఆ చెయ్యి చూసి నేను నోరు మూసుకున్నాను. జీవితంలో ఎప్పుడూ మూసుకోనిదాన్ని.

సీతాఫలాలు అయిపోవస్తున్న రోజులు. కోరుట్లలో మా అక్కకు ఒంట్లో బాగాలేదంటే ఆయన బండే ఎక్కాను. లోపల చోటు లేక ముందు బానెట్ మీద కూర్చున్నాను. రుద్రంగి దాటింది. గుట్ట కింద మూల తిరిగింది. మూల తిరగగానే రోడ్డు నడిమధ్యలో శంకరవ్వ. గంప కింద ఉంది, రెండు చేతులూ పైకి ఉన్నాయి. నవ్వుతోంది కూడా. సమ్మె తర్వాత బండి మళ్లీ తిరుగుతోందని ఆమెకు ఎవరో చెప్పి ఉంటారు. ఇన్ని రోజుల తర్వాత కొడుకు బండి కనబడింది మరి.

"ఆపు! ఆపయ్యా!" అన్నాను.

ఆయన కాలు బ్రేకు మీదికి పోయింది. నేను చూశాను. ఆ కాలికి అది ఎప్పటి అలవాటో. పోయి, ఆనింది. తొక్కలేదు. కళ్లు డబ్బా వైపు పోయాయి. రెప్పపాటు, అంతే. తొక్కడానికి బదులు స్టీరింగు తిప్పాడు. ముందు భాగం ఆమెను దాటింది. వెనక భాగం దాటలేదు. మెత్తటి చప్పుడు వినిపించింది. వెనక అద్దంలో సీతాఫలాలు రోడ్డంతా దొర్లడం కనిపించింది.

దీన్ని మించిన సంగతి ఇంకొకటుంది, చెప్పడానికి నాకే సిగ్గు. అంత అయ్యాక కూడా ఆయన బండిని మెల్లగా ఆపాడు. లోపలివాళ్లు అరుస్తున్నారు, నేను ఆయన రెక్క పట్టి గుంజుతున్నాను, బండి జోకొట్టినట్టు, జోకొట్టినట్టు పోయి, చాలా దూరాన ఆగింది. ఎవరూ ముందుకు తూలలేదు. పచ్చ దీపం పచ్చగానే ఉంది.

శంకరవ్వ చావలేదు. తుంటి ఎముక విరిగింది. అదే బండిలో జగిత్యాల దవాఖానకు తీసుకుపోయాం. దారి పొడుగునా ఆమె తల నా ఒళ్లో ఉంది. నేను ఏడుస్తూ మొగుణ్ణి తిడుతూనే ఉన్నాను.

పోలీసులు వచ్చి రాసుకుని పోయారు. మర్నాడు దేవేందరన్న, కంపెనీ సారు వచ్చారు. సారు కంప్యూటరు తెరిచి, ఆ రోజు బండి నడక మొత్తం చూపించాడు. "వేగం హద్దులోనే ఉంది. సడన్ బ్రేకు లేదు. ఎర్రచుక్క లేదు. చాలా సాఫీగా నడిపాడు. లోపమంతా పాదచారిదే" అన్నాడు.

పాదచారి! పుట్టినప్పటి నుంచి చెప్పులు లేకుండా నడిచిన మనిషికి ఆ రోజు దొరికిన పేరు అది.

"సారూ, సడన్ బ్రేకు కొడితె ఏమైతుండె?" అని అడిగాను.

"ఒక ఎర్రచుక్క పడేదమ్మా."

"చుక్క డబ్బల వడుతుండె. ముసల్ది రోడ్డు మీద వడకపోతుండె. గదే గద?"

సారు కంప్యూటరు మూశాడు. దేవేందరన్న నన్ను పక్కకు పిలిచి, "పుష్పా, జర చుప్ ఉండు. కేసు నిలవడది. నీ మొగని నౌకరి బరాబర్ ఉన్నది. సంతోషపడాలె గని లొల్లి జేస్తవేంది?" అన్నాడు.

నౌకరి బరాబర్ ఉంది. ఏ భయంతో ఇన్నాళ్లు చచ్చామో ఆ భయం తీరిపోయింది. ఆ సాయంత్రం నేను పొయ్యి వెలిగించలేదు. ఆయన అన్నం అడగలేదు.

రెండు మూడు రోజులు ఆయన దవాఖాన దిక్కు పోలేదు. నేనే లాక్కుపోయాను. శంకరవ్వ మంచం మీద వెల్లకిలా పడుకుని ఉంది. కాలికి బరువు కట్టారు. ఆమె చెల్లెలు చిన్నవ్వ పక్కన కూర్చుని గిన్నెలో గంజి తిప్పుతోంది. ఇక నడుస్తుందో లేదో చెప్పలేమన్నారట డాక్టర్లు. నడవకపోతే గుట్ట లేదు, పండు లేదు, తిండి లేదు. ఇదంతా చిన్నవ్వ మెల్లగా నాకు చెబుతుంటే మా ఆయన మంచం కాళ్ల వైపు నిలబడి చేతులు పిసుక్కుంటున్నాడు. క్షమించమని అడుగుతాడేమో అనుకున్నాను. కాళ్లు పట్టుకుంటాడేమో అనుకున్నాను. ఆ దద్దమ్మ నోరు తెరిచి ఏమన్నాడో తెలుసా?

"అవ్వా, నా తప్పు లేదని డబ్బల అచ్చింది."

శంకరవ్వకు డబ్బా ఏమిటో తెలియదు. టీవీ తెలియదు, చుక్క తెలియదు. ఆమె మెడ కాస్త తిప్పి, మా ఆయన్ని చూసి, ఓదారుస్తున్నట్టు చెయ్యి చాపింది.

"నీ తప్పెందుకైతది కొడుకా," అంది. "నీ బండేనని గుర్తువట్టిన. గందుకే జరగలే. ఇంకోనిదైతె పక్కకు ఉరుకుతుంటి."